వేగదేవతకు నైవేద్యం

మొన్నామధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం మా అబ్బాయి టీవీలో ఏదో ఇంగ్లీషు సినిమా పెట్టుకుని కూర్చున్నాడు. వంటిల్లు సర్దుకుని, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, "ఏం సినిమారా?" అన్నాను.

"'ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్' అమ్మా" అన్నాడు వాడు కళ్లు తిప్పకుండానే.

ప్రపంచంలోకెల్లా వేగంగా పోయే ఇండియన్! పడక్కుర్చీలో కునుకు తీస్తున్న మా అత్తగారు చటుక్కున లేచి కూర్చున్నారు. "మనవాడేనా? ఏ ఊరుట?" అని అడిగారు.

మనవాడు కాదు. మనదేశం వాడూ కాదు. ఆ మాటకొస్తే మనిషే కాదు, మోటారు సైకిలు! అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లో 1901లో జార్జి హెండీ అనే ఆయన, ఆస్కార్ హెడ్‌స్ట్రామ్ అనే పనివాడిని కలుపుకుని మోటారు సైకిళ్లు చెయ్యడం మొదలుపెట్టి, వాటికి 'ఇండియన్' అని మార్కు వేశాడు. ఆ ఇండియన్ అంటే అమెరికా ఆదివాసి. కొలంబస్ మహాశయుడు దారి తప్పి ఇంకెక్కడో ఒడ్డుకి చేరి, అక్కడి వాళ్లని మనమనుకుని పిలిచిన పిలుపు! ఆ పొరపాటు కాస్తా నాలుగు వందల ఏళ్లు తిరిగి పెట్రోలు టాంకు మీదికెక్కింది.

మా అత్తగారు "ఓస్, బండా!" అని మళ్లీ కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి కూడా మర్చిపోయి సినిమా ఆసాంతం చూశాను. పాలు పొంగిపోయాయని వేరే చెప్పక్కర్లేదు.

న్యూజీలాండ్‌లో ఒక మూల ఊళ్లో, ఒక ముసలాయన, నలభై ఏళ్ల నాటి మోటారు సైకిల్ని ఇంట్లోనే బాగుచేసుకుంటూ, బాగుచేసుకుంటూ, దాన్ని సముద్రాలు దాటించి అమెరికా పట్టుకెళ్లి ప్రపంచ రికార్డు కొడతాడు. ఆంథొనీ హాప్కిన్స్ వేశాడు ఆ వేషం. రోజర్ డొనాల్డ్‌సన్ తీసిన ఈ సినిమా 2005లో వచ్చింది. చాలా బాగుంది. కానీ కథలు అల్లడం నాకూ వృత్తే కనుక, అంత నిండుగా కనిపించే కథలో కత్తెర ఎక్కడ పడిందా అని అనుమానం వచ్చింది. ఆ అనుమానంతో నాలుగు రోజులు ఆ పెద్దాయన చరిత్ర చదివాను. ఇంజన్ల సంగతి బి.ఏ. చదివిన నా బుర్రకి ఎక్కినంత మేరే చెబుతాను. మెకానిక్కు అన్నదమ్ములు తప్పులుంటే మన్నించాలి.

ఆయన పేరు బర్ట్ మన్రో. 1899 మార్చి 25న ఇన్వర్‌కార్గిల్‌లో పుట్టాడు. దేశపటంలో న్యూజీలాండ్ దక్షిణ ద్వీపం అట్టడుగుకి వేలు పెడితే తగిలే ఊరు. కవలలుగా పుడితే చెల్లో అక్కో పురిట్లోనే పోయింది. ఈ పిల్లాడు రెండేళ్లు దాటి బతకడని డాక్టర్లు పెదవి విరిచారట. వాడేమో బతికి, పొలంలో పెరిగి, నాన్న వద్దన్న గుర్రాన్నే ఎక్కి దౌడు తీయించేవాడు. పల్లెటూళ్లో పుట్టి వేగం మీద మోజు పడ్డ కుర్రాడికి ఆ రోజుల్లో గుర్రం తర్వాత మెట్టు మోటారు సైకిలే కదా!

1920లో, ఇరవయ్యొకటో ఏట, ఇండియన్ 'స్కౌట్' కొన్నాడు. అప్పటికది సరికొత్త మోడలు. ఫాక్టరీ నుంచి బయటికొచ్చిన స్కౌట్లలో 627వది. దాని రూపకర్త చార్లెస్ ఫ్రాంక్లిన్ అనే ఐర్లండు ఇంజనీరు. 1911లో ఐల్ ఆఫ్ మాన్ పందెంలో ఇండియన్ బళ్లు మొదటి మూడు స్థానాలూ ఎగరేసుకుపోతే, అందులో రెండో స్థానం ఈ ఫ్రాంక్లిన్‌దే. అంటే బండి తోలడం తెలిసినవాడు గీసిన బండి. ఇంజను 600 సీసీలు, ఇంగ్లీషు 'వి' అక్షరంలా విచ్చుకున్న రెండు సిలిండర్లు, మూడు గేర్లు, గేరు మార్చడం చేత్తో. దాని పరుగు గంటకి 55 మైళ్లు, అంటే 88 కిలోమీటర్లు. 1920 నాటి మట్టిరోడ్ల మీద ఆ వేగం ఎవరికైనా చాలు.

ఆయనకి చాల్లేదు. 1926లో బండి విప్పాడు.

ఇక్కడ మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పకపోతే తోచదు. మా మామగారి పాత స్కూటర్ని ఒకసారి మావారు వరండాలో పాత చీర పరిచి ముక్కముక్కలుగా విప్పారు. సాయంత్రానికి మళ్లీ బిగించారు. అంతా అయ్యాక ఒక నట్టు, ఒక చిన్న స్ప్రింగు చీర మీద మిగిలిపోయాయి. "అవి అక్కర్లేనివిలే" అన్నారు. స్కూటరు అలా అనుకోలేదు. బండి విప్పడమంటే మా ఇంట్లో అంత వరకే. మన్రో విప్పిన బండి మాత్రం దాదాపు యాభై ఏళ్లు విప్పుతూ బిగిస్తూనే ఉన్నాడు.

ఆయన మోటారు సైకిళ్లు అమ్మే చోట ఉద్యోగం చేసేవాడు. పగలు ఉద్యోగం, రాత్రి షెడ్డు. తెల్లవార్లూ పనిచేసి, కంటిమీద కునుకు లేకుండానే పొద్దున్న పనికి పోయిన రోజులు కొల్లలు. చేతిలో డబ్బు లేదు. విడిభాగాలు కొనే స్తోమతు లేదు. ఉన్నా, ఆయన కోరే భాగాలు ఏ బజార్లోనూ దొరకవు. ఆయన తలలో తప్ప అవి ఇంకెక్కడా లేవు మరి! అందుకని పాత రేకు డబ్బాలే మూసలుగా పెట్టి పిస్టన్లు తనే పోతపోశాడు. పాత పోత ఇనుము గొట్టాల నుంచి సిలిండర్లు చేశాడు. ట్రాక్టరు ఇరుసు నుంచి కనెక్టింగ్ రాడ్లు చెక్కాడు. వెంట్రుకవాసి తేడా కనిపెట్టే మైక్రోమీటరు ఉండాలి కదా అంటే, దానికి బదులు ఒక పాత చక్రం స్పోకుని సాధనంగా మార్చుకున్నాడు. అమ్మమ్మ ఉప్పు చేత్తోనే వేసేది, ఎప్పుడూ తప్పేది కాదు. అదీ అలాంటి విద్యే అనుకుంటాను.

ఏం మార్చాడో కొంచెం చెప్పాలి. స్కౌట్ ఇంజన్లో, పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం లోపలికొచ్చే తలుపులూ, కాలిన పొగ బయటికి పోయే తలుపులూ సిలిండరు పక్కన ఉండేవి. వాటినే వాల్వులంటారు. అంటే వచ్చే చుట్టం వీధి గుమ్మంలోంచి కాక పెరటి సందులోంచి చుట్టూ తిరిగి రావాలన్నమాట. మెల్లిగా పోయే బండికి ఇబ్బంది లేదు. వేగం పెరిగేసరికి ఊపిరాడదు. మన్రో ఆ తలుపుల్ని తీసి సిలిండరు నెత్తిన పెట్టాడు. అలాంటివాటిని ఓవర్‌హెడ్ వాల్వులంటారట. దాంతో ఇంజను గుండెలనిండా గాలి పీల్చింది. ఆ తర్వాత సిలిండర్లు పెద్దవి చేస్తూ పోయాడు. 600 సీసీల ఇంజను చివరికి 950 సీసీలయింది.

అయితే ఒక చిక్కుంది. ఒక భాగానికి బలం వస్తే ఆ బరువంతా పక్క భాగం మీద పడుతుంది. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు మానేసిన పని చిన్నకోడలి నెత్తిన పడ్డట్టు! పిస్టను గట్టిదైతే రాడ్డు విరుగుతుంది. రాడ్డు గట్టిదైతే ఇంకోటి పగులుతుంది. ఫ్లైవీలు మార్చాలి, గొలుసులు మార్చాలి. పైగా గాలి లెక్క ఒకటుంది. వేగం మూడు రెట్లు కావాలంటే, గాలిని చీల్చుకుపోయే శక్తి మూడు రెట్లు సరిపోదు, ఇరవై ఏడు రెట్లు కావాలి. అందుకే చివరి పది మైళ్ల కోసం పడ్డ పాట్లు మొదటి యాభై మైళ్లకి పడి ఉండడు. తర్వాత రోజుల్లో ఆ గాలిని మోసం చెయ్యడానికే బండి మొత్తానికి చేపలా నున్నటి ఫైబర్‌గ్లాస్ తొడుగు చేసి, అందులో బోర్లా పడుకుని నడిపాడు.

విరిగినవి ఏమయ్యాయి? పారేయలేదు. షెడ్డు గోడకి ఒక అర ఉండేది. కరిగిపోయిన పిస్టన్లు, వంకరపోయిన రాడ్లు, పగిలిన సిలిండర్లు అన్నీ వరసగా అందులో పేర్చాడు. దాని మీద పెద్దక్షరాలతో ఒక మాట రాసుకున్నాడు. వేగదేవతకు నైవేద్యాలు అని దాని అర్థం.

ఆ మాట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. నైవేద్యంలో ఆయన అర మీద పెట్టనివి కూడా ఉన్నాయి.

సినిమాలో కత్తెర పడ్డ చోటు అదే. తెరమీది ముసలాయన ఒంటిగాడు. పక్కింటి కుర్రాడూ, ఊళ్లోవాళ్లూ తప్ప ఇంట్లో ఎవరూ ఉండరు. నిజం మన్రోకి 1927లో పెళ్లయింది. అంటే బండి విప్పిన మరుసటేడే. ఆమె పేరు బెరిల్. నలుగురు పిల్లలు పుట్టారు, ముగ్గురాడపిల్లలు, ఒక మగపిల్లాడు. నాలుగు నోళ్లకి అన్నం పెట్టాలి. ప్రపంచమంతా కరువు కాటకంతో అల్లాడిన 1930లలో, తండ్రి పొలానికి తిరిగి వెళ్లి కొన్నాళ్లు అక్కడ కూడా పనిచేశాడు. షెడ్డులో దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. 1936 నాటి వెలోసెట్ అనే ఇంకో బండి కూడా చేరింది. 1940ల చివరికి భార్యాభర్తలు విడిపోయారు. ఆయన ఉద్యోగం కూడా మానేసి, ఒక గారేజీలో మకాం పెట్టాడు. మంచం ఒక వైపు, బండి ఒక వైపు.

ఈ చివరి వాక్యం దగ్గర వీరాభిమానులందరూ చప్పట్లు కొడతారు. ఎంత దీక్ష, ఎంత త్యాగం అంటారు. నిజమే, కాదనను. కానీ చప్పట్ల మధ్య ఇంకో ప్రశ్న వెయ్యాలనిపించింది నాకు. ఇరవై ఏళ్లు ఆ షెడ్డులోంచి వచ్చే ఆకురాయి చప్పుడు వింటూ, నూనె మరకల చొక్కాలు ఉతుకుతూ, భోజనానికి పిలిచి పిలిచి విసుగెత్తి గిన్నెల మీద మూతలు పెట్టి పడుకున్న మనిషిని ఏ జాబితాలో వెయ్యాలి? చొక్కాలూ గిన్నెలూ నా ఊహలే లెండి. బెరిల్ మనసులో ఏముందో రాసే హక్కు, నవలలు రాసేదాన్నైనా, నాకు లేదు. తగవు ఎవరి వల్ల వచ్చిందో తేల్చడానికి మనమెవరం? రికార్డు పుస్తకాల్లో ఆమెకి గడి లేదని మాత్రం చెప్పగలను.

మా అత్తగారికి రాత్రి ఈ సంగతంతా చెప్పాను. "ఆడది అయితే ఊరుకునేవాళ్లా?" అన్నారు ఆవిడ తాపీగా. అనేసి నా వంక చూశారు.

ఆ చూపుకి కారణం ఉంది. నా గదిలో మంచం కింద ఒక ట్రంకు పెట్టె ఉంది. అందులో ఆరో అధ్యాయం దగ్గర ఆగిపోయిన నవలలు, మూడుసార్లు తిరగరాసి మూడుసార్లూ పారేసిన కథలు ఉన్నాయి. మా అబ్బాయి మూడో క్లాసులో ఉండగా, ఒక రాత్రి వాడికి జ్వరం వస్తే, తడిగుడ్డ వేస్తూ పక్కన కూర్చున్నది మా అత్తగారు. నేను పక్కగదిలో సీరియల్ ఆఖరి భాగం రాస్తున్నాను, పొద్దున్నకి ఇవ్వాలి మరి. అది ఇప్పటిదాకా ఆవిడ ఒక్కసారి కూడా నోరు తెరిచి అనలేదు. అందువల్లే నాకింకా గుర్తుంది. మన్రోని తప్పుపట్టబోయి నేను సగంలో ఆగిపోవడానికి కారణం ఆ ట్రంకు పెట్టే.

సరే, మళ్లీ బండి దగ్గరికి వద్దాం.

ఇన్వర్‌కార్గిల్ పక్కనే ఓరెటి అనే సముద్రతీరం ఉంది. గట్టి ఇసక, మైళ్ల పొడుగునా తిన్నగా ఉంటుంది. అదే ఆయన ప్రయోగశాల. 1957లో అక్కడ 131 మైళ్ల వేగం తీశాడు. అప్పటికి ఆయనకి యాభై ఎనిమిది, బండికి ముప్ఫై ఏడు. బండి చేసిన ఇండియన్ కంపెనీ అప్పటికే, 1953లో, చేతులెత్తేసింది. తల్లి పోయినా బిడ్డ పరిగెడుతూనే ఉంది. అదే కాలంలో ఆయనకి గుండెనొప్పి మొదలయింది.

అమెరికాలో యూటా రాష్ట్రంలో బోన్‌విల్ అని ఒక ఉప్పు మైదానం. ఒకప్పుడెప్పుడో పెద్ద సరస్సు ఎండిపోతే మిగిలిన ఉప్పు, కంటికి ఆనినంత మేర తెల్లగా, బల్లపరుపుగా ఉంటుంది. ప్రపంచంలో వేగం పిచ్చివాళ్లందరికీ అది కాశీ. మన్రో అక్కడికి పదిసార్లు వెళ్లాడు. మొదటిసారి ఊరికే చూసొచ్చాడు. మిగిలిన తొమ్మిదిసార్లూ పరిగెత్తించాడు. 1962లో 883 సీసీ తరగతిలో గంటకి 178.95 మైళ్లతో రికార్డు. 1966లో 1000 సీసీ తరగతిలో 168.07 మైళ్లతో ఇంకోటి. ఒకసారి పరుగు మధ్యలో బండి పాములా ఊగిపోతే, ఆపే దారి లేక ఉప్పు మీదికే వాల్చి పడేశాడు. పడి, లేచి, మళ్లీ వచ్చాడు.

1967 ఆయన ఆఖరి రికార్డు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, నలభై ఏడేళ్ల బండి. అర్హత కోసం తీసిన ఒక పరుగులో 190.07 మైళ్లు వచ్చింది. రికార్డుకి మాత్రం అటు ఒక పరుగు, ఇటు ఒక పరుగు తీసి, రెండింటి సగటు కట్టాలి. ఎదురుగాలీ వెనకగాలీ సరిపెట్టడానికి ఆ పద్ధతి. అలా కట్టిన సగటు 183.586 మైళ్లు. ఫాక్టరీ వాళ్లు 55 అని పంపించిన బండి!

మా అబ్బాయి ఇక్కడ ఒక మెలిక పెట్టాడు. "పిస్టన్లు మార్చాడు, సిలిండర్లు మార్చాడు, వాల్వులు మార్చాడు, పైన తొడుగు మార్చాడు. ఇంక అది 1920 బండి ఎలా అవుతుందమ్మా?" అన్నాడు.

మా పుట్టింట్లో తాతగారి ఉయ్యాలబల్ల ఒకటి ఉంది. నాకు ఊహ తెలిశాక బల్ల చెక్క ఒకసారి మారింది. గొలుసులు తుప్పు పడితే రెండుసార్లు మారాయి. ఇల్లు తిరగ్గట్టినప్పుడు దూలమూ కొంకీలూ కూడా కొత్తవయ్యాయి. ఇప్పటికీ ఎవరొచ్చినా "తాతగారి ఉయ్యాల మీద కూర్చోండి" అనే అంటుంది మా వదిన. ఒక్కనాడూ ఎవరికీ అనుమానం రాలేదు. మన్రో బండి సంగతీ అంతే. ఏనాడూ అన్నీ ఒకేసారి మార్చలేదాయన. ఒక్కొక్కటీ విరుగుతూ, ఒక్కొక్కటీ వచ్చి చేరుతూ, పాతది కొత్తదానికి చోటిస్తూ పోయింది. పైగా ఊడిపోయిన ముక్కలన్నీ అర మీద సాక్ష్యానికి ఉండనే ఉన్నాయి కదా!

1977లో ఆయనకి పక్షవాతం వచ్చింది. ఇంక తన వల్ల కాదని తేలాక, రెండు బళ్లనీ తన ప్రాంతం దాటిపోకూడదన్న కోరికతో ఊళ్లోని ఒక వ్యాపారికి అమ్మేశాడు. 1978 జనవరి 6న పోయాడు. ఇన్వర్‌కార్గిల్‌లో 'ఈ. హేస్' అనే ఇనప సామాన్ల కొట్టుకి మేకులు కొనుక్కోవడానికి పోయినవాళ్లు, మేకులతో పాటు ఆయన ఇండియన్‌ని కూడా చూసి వస్తారు. ఆ బండికి మ్యూజియం కన్నా అదే సొంతిల్లులా ఉంటుందనిపిస్తుంది. 2006 నుంచి ఆయన పేర ఆ ఊళ్లో మోటారు సైకిలు పందేల సంబరం కూడా చేస్తున్నారు. అదే ఏడు అమెరికా మోటారు సైకిలు సంఘం వారు తమ ప్రముఖుల జాబితాలో ఆయన్ని చేర్చుకున్నారు.

ఆయన పోయిన ముప్ఫై ఆరేళ్లకి, 2014లో, ఒక చిన్న సంగతి జరిగింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి అదే. కొడుకు జాన్ 1967 నాటి రికార్డు కాగితాలు చూస్తూ, ఆ సగటు కట్టడంలో సంఘం వాళ్లు లెక్క తప్పారని పట్టేశాడు. సంఘం వాళ్లు మళ్లీ లెక్క కట్టి చూసుకుంటే నిజమే! 183.586 కాస్తా 184.087 అయింది. తేడా అర మైలు. నాన్నకి రావలసిన అర మైలు నలభై ఏడేళ్ల తర్వాత కొడుకు రాబట్టాడు. షెడ్డులో దీపం వెలుగుతుంటే ఇంట్లో పెరిగిన పిల్లాడు ఆ కాగితాలు ముందేసుకుని కూడికలు ఎందుకు సరిచూశాడో నేను ఊహించను. ఇందాకే చెప్పాను కదా, ఆ హక్కు నాకు లేదు.

ఇదంతా రాసి, మా అబ్బాయికి చదవమని ఇచ్చాను. చదివి, "బాగుందమ్మా" అన్నాడు. లోపలికి పోబోతూ ఆగి, "అన్నట్టు, నీ మొదటి నవల్లో హీరోయిన్‌కి మూడో అధ్యాయంలో ఇరవై రెండేళ్లు. తొమ్మిదో అధ్యాయంలో ఇరవై ఒకటి. చూసుకున్నావా?" అన్నాడు.

వాడు నా మొదటి నవల చదివాడని నాకు తెలియదు. వెళ్లి ట్రంకు పెట్టె తీసి చూశాను. నిజమే.